రెండంతస్తుల దారి, ఒక్క కాగితపు పటము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



తోటలలో మామిడి కోతలు సాగుచుండగా, బండ్లు, లారీలు నిరీక్షించుచుండగా, ఇందరు పనులు మాని ఈ సభకు వచ్చుట సామాన్య విషయము గాదు. 1914 ఏప్రిల్ 10వ తేదీన విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడిన నాటినుండి ఈ కృష్ణా మండలపు పల్లెలకు పుస్తకమన్న ప్రీతి అలవడినది. ఆ ప్రీతికి మన గ్రంథాలయము ఇరువదియైదేండ్ల సాక్షి.

నేను పండితుడను గాను. భూమి కొలతల శాఖలో గొలుసు పట్టి, పొలము గట్లవెంట నడచి, పాతిన రాళ్ళను వెదకి జీవితము గడపినవాడను. అందుచేత నాకు తెలిసిన పటములను గూర్చియే మాటలాడెదను. అయితే అది పొలముల పటము గాదు. పరుగు పందెపు పటము. నవ్వకుడు. వార్ధక్యమున నాకీ పిచ్చి పట్టించినవారు మన పిల్లలే.

ఓరియెంటీరింగ్ అను క్రీడ పేరు మనలో పలువురకు క్రొత్త. పటమును, దిక్సూచిని చేతబట్టి, పటమున గుర్తించిన స్థానములను వరుస తప్పక చేరి, అందరికన్న తక్కువ కాలమున గమ్యమునకు వచ్చుట ఈ క్రీడ. ఒక్కొక్క స్థానమున నారింజ, తెలుపు రంగుల చిన్న జెండా వ్రేలాడుచుండును. జెండానుండి జెండాకు ఏ దారిన పోవలెనో ఎవరును చెప్పరు. పరుగెత్తువాడే పటము చూచి నిర్ణయించుకొనవలెను. స్వీడన్ దేశపు కార్ల్‌బర్గ్ సైనిక విద్యాలయమున 1886లో ఈ మాట వాడుకలోనికి వచ్చినది. 1897 అక్టోబరు 31న నార్వే దేశమున పౌరులకు తొలి పోటీ జరిగినది. 1961లో కోపెన్‌హేగన్ నగరమున అంతర్జాతీయ సమాఖ్య ఏర్పడినది.

మొదట ఇది అడవుల ఆట. తరువాత ఊళ్ళలోనికి వచ్చినది. వీధులలోను, ఉద్యానములలోను, విద్యాలయ ప్రాంగణములలోను జరుపు పొట్టి పందెమును స్ప్రింట్ ఓరియెంటీరింగ్ అందురు. 2001లో ఫిన్లాండు దేశపు టాంపెరే నగరమున జరిగిన ప్రపంచ పోటీలలో ఇది తొలిసారి చేరినది. గెలుచువానికి పండ్రెండు మొదలు పదునైదు నిమిషములు పట్టునట్లు దారిని ఏర్పరతురు. అడవిలో ఒక నిమిషము తప్పిపోయినవాడు మరల కోలుకొనవచ్చును. ఇక్కడ పది సెకండ్ల తడబాటుతో పందెము చేజారును. కావున పటమునందలి ప్రతి గీతయు విలువగలది.

ఈ పటపు మానము 1:4000. అనగా పటమున ఒక మిల్లీమీటరు భూమిపై నాలుగు మీటర్లు. ఈ అంకెను మొదటిసారి విన్నపుడు నాకు చిరకాల మిత్రుడు ఎదురైనట్లు తోచినది. మన పూర్వపు గ్రామ పటములు అనేకము మైలునకు 16 అంగుళముల మానముపై గీయబడినవి. లెక్కించినచో అది 1:3960. అంగుళమునకు ఐదు గొలుసులు, గొలుసునకు 66 అడుగులు, 100 లింకులు. నా కన్నులకు, నా వ్రేళ్ళకు అలవాటైన మానమే అది. కరణముగారి పెట్టెలోని పటమును, స్వీడన్ బాలుడు చేతబట్టి పరుగెత్తు పటమును ఒక్కటే ప్రమాణమని తెలిసినపుడు నేను పొందిన ఆనందము మీకు చెప్పనలవి కాదు.

కాని మానము ఒక్కటియైనను ప్రశ్నలు వేరు. కరణముగారి పటము "ఈ భూమి ఎవరిది?" అను ప్రశ్నకు సమాధానము చెప్పును. ఈ పటము "ఇటు పోవచ్చునా?" అను ప్రశ్నకు సమాధానము చెప్పవలెను. మొదటి ప్రశ్నకు హద్దు తెలిసిన చాలును. రెండవ ప్రశ్నకు ఆ హద్దు గోడయా, కంచెయా, ఎంత ఎత్తు, ఎక్కడ సందు కలదు, ఎక్కడ మెట్లు కలవు అను సంగతులన్నియు తెలియవలెను.

ఇందుకు అంతర్జాతీయ సమాఖ్యవారు ఒక శాసనము వంటి ప్రమాణ గ్రంథమును ప్రకటించిరి. 2019 నాటి దాని రూపము ఇప్పటి పటములకు ఆధారము. కట్టడములు బూడిద రంగున, పరచిన బాటలు లేత గోధుమ రంగున, నీరు నీలమున, ఎత్తుపల్లములు గోధుమ రంగు సమోన్నత రేఖలలోను చూపవలెను. రేఖకు రేఖకు నడుమ ఎత్తు సాధారణముగా 2 లేక 2.5 మీటర్లు. పండ్లతోటకు పసుపు నేలపై ఆకుపచ్చ చుక్కలు. మన తోటలలో పాత మామిడి చెట్లు పదేసి మీటర్ల ఎడమున నాటినవి కలవు; పటమున ఆ ఎడము రెండున్నర మిల్లీమీటర్లే యగును. చెట్టు చెట్టును గీయనక్కరలేదు. ఇది తోట, ఇందు పరుగెత్తవచ్చును అని తెలిసిన చాలును.

మరియొక నియమము మిక్కిలి ముఖ్యమైనది. దాటదగిన గోడ సన్నని గీత, దాటరాని గోడ లావుపాటి గీత. పరుల ఇండ్ల ఆవరణలు, పూలమళ్ళు మొదలగు ప్రవేశింపరాని చోట్లకు ఒక ప్రత్యేకమైన ముదురు పచ్చ రంగు కలదు. దాటరానిదని పటము చూపిన గోడను, అది ఎంత పొట్టిదైనను, దాటినవాడు పోటీనుండి తొలగింపబడును. మొదట నాకిది కఠినముగా తోచినది. ఆలోచింపగా ఇందలి న్యాయము బోధపడినది. గోడ దుముకగల బలశాలికిని, దుముకలేని చిన్నదానికిని పటము ఒక్కటే హద్దును చూపుచున్నది. ఇంటి యజమానికి సైతము అది రక్షణ. పటము సరిగా నున్నపుడే ఆ న్యాయము నిలుచును. పటము తప్పినచో నియమమే అన్యాయమగును.

ఇక అసలు చిక్కునకు వచ్చెదను.

పటమనగా ఆకాశమునుండి చూచిన చూపు. ఒక బిందువునకు ఒకే ఎత్తు ఉండునను నమ్మకముపై అది ఆధారపడియున్నది. పొలమునందు ఈ నమ్మకము చెల్లును. ఊరిలో చెల్లదు. వంతెనపై ఒక దారి, వంతెన క్రింద మరియొక దారి. మేడ క్రింది వసారాలో ఒకరు నడచుచుందురు, ఆ వసారా పైకప్పుపై వేరొకరు నడచుచుందురు. కాగితమున ఇద్దరును ఒకే చుక్కపై ఉన్నారు. భూమిపై ఒకరినొకరు చేరవలెనన్న నూరు గజములు తిరిగి రావలెను.

కృష్ణ కావలి యొడ్డున ఉండవల్లి గుహలను మీలో పలువురు చూచియుందురు. ఒక్క కొండను తొలిచి నాలుగంతస్తులుగా నిర్మించిన ఆలయమది. ఒక అంతస్తున అనంతపద్మనాభుని శయనమూర్తి కలదు. ఆ గుహను పటమున చూపవలెనన్న వాస్తువిద్య తెలిసినవాడేమి చేయును? అంతస్తునకొక పటము చొప్పున నాలుగు పటములు గీయును. అది చాలక, కొండను నిలువున కోసినట్లు ఐదవ చిత్రము గీయును. వానిని బల్లపై పరచుకొని తీరికగా చూచెదము. పరుగెత్తువానికి ఆ తీరిక ఏది? వాని చేతిలో ఒక్కటే కాగితము. దానిని బొటనవ్రేలితో మడచి పట్టుకొని, పరుగెత్తుచునే, క్షణకాలము చూచును. ఆ క్షణమున సంగతి తెలియవలెను. నాలుగంతస్తుల సంగతిని ఒక్క కాగితమున ఎట్లు చెప్పుట? ఇదియే నేడు ఈ పటములు గీయువారినందరిని వేధించుచున్న సమస్య.

దృష్టాంతమునకు దూరము పోనక్కరలేదు. విజయవాడలో ఇంద్రకీలాద్రి పాదమున నిలిచి చూడుడు. పైన అమ్మవారి ఆలయము. దానికి మెట్లదారి ఒకటి, ఘాటురోడ్డు ఒకటి. కొండ క్రింద పాత రోడ్డు. 2020 అక్టోబరున ప్రారంభమైన కనకదుర్గ ఫ్లైఓవరు ఆ రోడ్డునకు పైగా పోవుచున్నది. దాపుననే 1957లో పూర్తియైన ప్రకాశం బ్యారేజీ, దానిపై దారి. ఒక్క చోట ఇన్ని మట్టములు! ఫ్లైఓవరుమీద నున్నవానికి క్రింది దుకాణము చేరువలోనే కానవచ్చును. దానిని చేరవలెనన్న వంతెన కొనవరకు పోయి తిరిగి రావలెను. అట్లే ఆ నగరపు కొండవాలుల ఇండ్లను చూడుడు. ఒక ఇంటి మిద్దె పై ఇంటి వాకిటితో సమానముగా నుండును. ఇద్దరు పొరుగువారు చేయి చాచి మజ్జిగ అందుకొందురు. కాని ఒకరింటికి ఒకరు నడచి పోవలెనన్న ఎన్నో మెట్లు దిగి, ఎన్నో మెట్లు ఎక్కవలెను. పైనుండి తీసిన ఛాయాచిత్రమున అవి ప్రక్క ప్రక్క ఇండ్లు మాత్రమే.

ఇక నా తప్పును మీ యెదుట ఒప్పుకొందును.

కొన్నేండ్ల క్రిందట ఒక విద్యాసంస్థవారు తమ పిల్లల అభ్యాసమునకు పటము గీయుమని నన్నడిగిరి. కొండవాలున మెట్టు మెట్టుగా కట్టిన ప్రాంగణమది. నేను టేపు, దిక్సూచి తీసికొని వారము దినములు శ్రమించితిని. నా కొలతలపై నాకు గర్వముండెను. రెండు కట్టడముల నడుమ ఒక నడవ వంతెనవలె పోవుచున్నది. దాని క్రిందుగా ఒక సందు కలదు. నేను పై నడవను చక్కగా గీసి, క్రింది సందును విడిచితిని. పైనున్నది కనబడును, క్రిందనున్నది కనబడదు. ఇంతే నా తర్కము. పందెపు దారి ఏర్పరచినవారు ఒక జెండాను ఆ క్రింది సందులో కట్టి, పటమున ఆ చోటనే వృత్తము గీసిరి.

మూడవదిగా బయలుదేరిన బాలిక సరిగా నా పటము ప్రకారమే వచ్చి పై నడవలో నిలిచినది. జెండా లేదు. అటునిటు చూచి, చివరకు పిట్టగోడపైనుండి తొంగి చూడగా పండ్రెండడుగుల క్రింద జెండా కనబడినది. మెట్లున్న చోటు చాల దూరము. సమయము పోవుచున్నది. ఆమె పిట్టగోడ పట్టుకొని జారి దిగబోయి క్రింద పడినది. కాలి చీలమండ బెణికినది. ఎముక విరుగలేదు, భగవంతుడు రక్షించెను.

నేను పరుగెత్తుకొని పోగా ఆ బాలిక నావంక చూచి, "తాతగారూ, మీ పటంలో జెండా ఇక్కడే ఉందండి. నేనూ ఇక్కడికే వచ్చాను. జెండా మాత్రం లేదండి!" అన్నది.

నేను మొదట వాదించితిని. కొలిచి చూపితిని. జెండా స్థానమునకును, పటమునందలి వృత్తపు నడుమకును గజమైనను తేడా లేదు. నా పటము సరియైనదే అంటిని. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ముప్పదియేండ్లు నేను నేర్చినదంతయు "ఎక్కడ" అను మాటను గూర్చియే. "ఏ మట్టమున" అని నన్నెవరును అడుగలేదు, నేనును అడుగుకొనలేదు. కొలత తప్పు గాదు. అయినను పటము అబద్ధమాడినది. ఆ అబద్ధమును నమ్మి ఒక పిల్ల పడినది. నేనీ దినమున చెప్పదలచిన సంగతి ఇదియే: పటము భూమికి మాత్రమే విధేయమైన చాలదు; దానిని నమ్మి నడచువారికి విధేయమై యుండవలెను.

అటుపిమ్మట నేను ప్రమాణ గ్రంథమును శ్రద్ధగా చదివించుకొంటిని. అందు చెప్పిన సారాంశమిది: ఒకదానిపై నొకటిగా నున్న అనేక మట్టములను ఒక్క పటమున పూర్తిగా చూపుట సాధారణముగా సాధ్యము గాదు. కావున పరుగునకు ప్రధానమైన మట్టము నొకదానిని ఎన్నుకొని దానినే గీయవలెను. అయితే పరుగెత్తువానికి ఉపయోగపడు వంతెనలను, క్రింది దారులను మాత్రము విడువరాదు. వినుటకు చిన్న మాట. ఆచరణలో దీనికి నాలుగు పనులు కావలెను.

మొదటిది, ప్రధాన మట్టమును నిర్ణయించుట. ఎత్తుననున్నది గనుక అదియే ప్రధానమనరాదు. ఎక్కువ దారులు కలియునది, ఎక్కువమంది నడచునది ప్రధానము. ఫ్లైఓవరు వాహనములది, మనుష్యులు నడచునది దాని క్రింది నేల. అక్కడ వంతెనను విడిచి నేలను గీయుటయే యుక్తము. నా పటమున నేను విడిచిన సందే పిల్లలు దినదినము నడచు దారి. ఒక్క పూట అక్కడ కూర్చుండి చూచినచో నాకు తెలిసియుండెడిది.

రెండవది, క్రింది దారిని దాని చిహ్నముతో చూపుట. వంతెన క్రింద, కట్టడము క్రింద పోవు దారికి ఇరుప్రక్కల తెగిన గీతలు గీయుదురు. "ఇక్కడ పైకప్పు కలదు, క్రిందుగా సాగిపోవచ్చును" అని దాని అర్థము. పైకప్పు మాత్రమే కలిగి చుట్టును తెరపిగా నున్న చోటును లేత బూడిద రంగున చూపుదురు. మెట్లకు అడ్డుగీతల చిహ్నము. ఒక మట్టమునుండి వేరొక మట్టమునకు పోవు ద్వారములు మెట్లే గనుక, ఒక్క మెట్లదారి మరచినచో రెండు లోకములు తెగిపోవును. సందు మరీ ఇరుకైనచో పటమున దానిని నిజమునకన్న కొంచెము వెడల్పుగా గీయవలెను. కొలత తెలిసినవానికిది ప్రాణసంకటము. కాని కంటికి కానరాని సత్యము పరుగెత్తువానికి సత్యము గాదు.

మూడవది, దారి ఏర్పరచువాని ధర్మము. ఏ వృత్తము చూచినను పైనా, క్రిందా అను సందేహము కలుగరాదు. జెండాల వివరములు తెలుపు చీటిలో "క్రింద", "అడుగున", "పైన" అని తెలుపుటకు చిహ్నములు కలవు, వానిని వాడవలెను. అయితే చీటి వ్రాసినంత మాత్రమున చిక్కు పటము చక్కబడదు. సందేహము తీరనిచోట జెండా కట్టకుండుటయే ఉత్తమము. ఆ చిక్కు చోటును రంగు గీతలతో మూసివేసి, ప్రవేశము నిషేధించుటయు కలదు.

నాలుగవది, గీసిన పటమును గీయనివాని చేతికిచ్చి నడిపించుట. గీసినవానికి అంతయు తెలిసియే యుండును. కావున వాడు తన తప్పును చూడలేడు. ఆ ఊరెరుగని ఒక్క మనుష్యుడు పటము చేతబట్టి తడబడిన ప్రతి చోటును పటము తడబడిన చోటే.

ఇప్పుడు డ్రోనులున్నవి గదా, తాతా, నీ గొలుసెందులకు అని పిల్లలడుగుదురు. 2020 డిసెంబరున ఆంధ్రప్రదేశ్‌లో ఆరంభమైన భూముల రీసర్వేలో డ్రోనులను, ఉపగ్రహ సంకేతములను వాడిరి. నేను కాదనను. మేము మాసముల తరబడి చేసినది అవి దినములలో చేయగలవు. లైడార్ అను మరియొక సాధనము కలదు. అది లేసరు కిరణములను క్రిందికి పంపును. వానిలో కొన్ని మామిడాకుల సందులనుండి దూరి నేలను తాకి తిరిగి వచ్చును. దట్టమైన తోటలో సైతము నేల ఎత్తుపల్లములు తెలియును. కాని సిమెంటు కప్పులో ఆకుల సందులుండవు. వంతెన క్రింద ఏమున్నదో, నడవ క్రింది తలుపునకు తాళమున్నదో లేదో, వానకు ఏ అండర్‌పాస్ నిండునో ఆకాశమునకు తెలియదు. అది కాలికి తెలియును. అక్కడ నివసించువారికి తెలియును. మన ఊరి దిగుడుబావిని చూడుడు. పైనుండి అది ఒక నల్లని రంధ్రము. అందు మెట్లు కలవని, నాలుగవ మెట్టు విరిగినదని, పిల్లలను అటు పోనీయరాదని మనకు తెలియును.

నేను ఈ పద్ధతిని గొప్ప నగరములు ఎట్లు నిర్వహించినవో చదివితిని. 2014లో ప్రపంచ స్ప్రింట్ ఆఖరి పోటీ ఇటలీ దేశపు వెనిస్ నగరమున జరిగినది. నేల చదునైనను అడుగడుగున కాలువ, కాలువపై వంతెన. వంతెన లేని సందు నీటిలో ముగియును. ఒక్క వంతెనను చూడక పోయినవాడు వచ్చిన దారినే తిరిగి పరుగెత్తవలెను. 2022లో డెన్మార్కు దేశమున తొలిసారి స్ప్రింట్ పందెములకే ప్రత్యేకముగా ప్రపంచ పోటీలు జరిగినవి. 2024లో అట్టి పోటీలు స్కాట్లాండు దేశపు ఎడిన్‌బరో నగరమున జరిగినవి. ఆ పాత నగరము మన సమస్యకు కాణాచి. అక్కడ 1788లో తెరచిన సౌత్ బ్రిడ్జి అను వంతెనకు పందొమ్మిది కమానులు. ఇరుప్రక్కల మేడలు కట్టినందున ఒక్క కమాను మాత్రమే బయటికి కనబడును. పై వీధిలో నడచువానికి తాను వంతెనపై నున్నానని తోచదు. ఆ కమాను క్రిందుగా కౌగేట్ అను వేరొక వీధి సాగుచున్నది. కొండపై నగరము కట్టిన ప్రతి జాతికి ఈ చిక్కు కలదు. మనది వింత గాదు.

ఇదంతయు ఆటకు సంబంధించినదే గదా అని మీరనవచ్చును. ఆటనుండి ఒక పాఠము తీసికొని ముగించెదను.

2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి విజయవాడ సింగునగరు ప్రాంతములను ముంచినది. మన బంధువులు అనేకులు అక్కడ నుండిరి. క్రింది అంతస్తులు మునిగినవి. మేడ కలవారు పై అంతస్తున దినముల తరబడి చిక్కుకొనిరి. మేడ లేనివారి బాధ వర్ణింప శక్యము గాదు. సహాయమునకు పోయిన యువకుల చేతులలోని ఫోనులందు వీధి పటములుండెను. వీధి ఎక్కడనో అవి చెప్పినవి. ఏ వీధి పల్లమో, ఏ దారి మెరకయో, ఏ మేడనుండి ఏ మేడకు నీటిలో దిగకుండ పోవచ్చునో ఆ గీతలలో లేదు. ఆ సంగతులు ఆ పేటలవారికి తెలియును. కాని ఏ కాగితమునను వ్రాసియుండలేదు. నా పటమున ఒక బాలిక చీలమండకు జరిగినదే, మట్టము చూపని పటమువలన ఒక పేటకు జరుగవచ్చును.

కావున ఈ రజతోత్సవ సమయమున కార్యవర్గమువారికి నా విన్నపము ఒక్కటి. మన ఊరికి 1:4000 మానమున ఒక నడక పటము గీయింపుడు. పిల్లలే గీయుదురుగాక. 2008లో స్థాపితమైన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయపు నూజివీడు ప్రాంగణ విద్యార్థులు మన పొరుగుననే ఉన్నారు; అడిగినచో యంత్రముల పని వారు నేర్పగలరు. కాలి పని నేను నేర్పెదను. బడి మెట్లు, గుడి మెట్లు, తూముపై దారి, తూము క్రింది దారి, వాగు చప్టా, దిగుడుబావి, ఏ తోటలో యజమాని అనుమతి కలదో, ఏ తోటలో లేదో, అన్నియు అందుండవలెను. వానకాలమున ఏ దారి మునుగునో పెద్దలను అడిగి వ్రాయవలెను. ఆ పటమును ఈ గ్రంథాలయపు గోడకు తగిలించి, ఏటేట దసరా సెలవులలో నడచి సరిదిద్దవలెను. మాసిపోయిన పటము మాసిపోయిన పుస్తకము వంటిది గాదు. పాత పుస్తకము చదువవచ్చును. పాత పటము త్రోవ తప్పించును.

అటుపిమ్మట ఆ పటముపై పిల్లలు పందెము పెట్టుకొందురుగాక. ఎవరు గెలిచినను సంతోషమే. ఆనాడు నా పటమును నమ్మి పడిన బాలిక నేడు ఎదిగి, చిన్న పిల్లలకు దిక్సూచి పట్టుట నేర్పుచున్నది. మొన్న నేను గీసిన ఒక చిత్తు పటము చూచి ఆమె మొదట అడిగిన ప్రశ్న, "తాతగారూ, ఇది పైదా, క్రిందిదా?" అని. నాకంతకన్న పెద్ద సన్మానము అక్కరలేదు.

 గ్రంథాలయము శతవార్షికోత్సవము జరుపుకొనుగాక. సెలవు.